సీ అర్చిన్లు: సముద్రపు అడుగున మేసే ముళ్ల బంతులు

పరిచయం

ఉమ్మెత్తకాయను మీరు చూసే ఉంటారు. గుండ్రంగా, చుట్టూ ముళ్లతో ఉంటుంది. అలాంటి కాయ ఒకటి సముద్రపు అడుగున రాతిని పట్టుకొని ఉందనుకోండి. దాని ముళ్లు అటూ ఇటూ కదులుతున్నాయనుకోండి. అది మెల్లగా పాకుతూ రాతి మీది నాచును గీకి తింటున్నదనుకోండి. అదే సీ అర్చిన్.

చూడగానే ఇది కాయో, రాయో తెలియదు. కాని ఇది జంతువు. దీనికి నోరు, పళ్లు, పేగు ఉన్నాయి. వందల సంఖ్యలో కాళ్లున్నాయి. తల మాత్రం లేదు, మెదడూ లేదు. అర్చిన్ అనేది ఇంగ్లీషులో ముళ్ల ఎలుకకు ఉన్న పాత పేరు. ముళ్లను బట్టి ఈ సముద్ర జీవికి కూడా ఆ పేరు వచ్చింది.

ఇంత చిన్న జంతువును గురించి ఒక పాఠం ఎందుకు అని మీరు అడగవచ్చు. వీటి సంఖ్య హఠాత్తుగా తగ్గిపోయినందువల్ల ఒక సముద్రంలో పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి. వీటి సంఖ్య విపరీతంగా పెరిగినందువల్ల మరొక సముద్రంలో నాచు అడవులు మాయమయ్యాయి. అంటే ఒకే జంతువు ఒక చోట లేక నష్టం జరిగింది, మరొక చోట ఎక్కువై నష్టం జరిగింది. ఇది ఎలా సాధ్యమో ఈ పాఠంలో తెలుసుకుందాం.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- సీ అర్చిన్ ఏ జంతు వర్గానికి చెందినదో చెప్పగలుగుతారు.
- దాని శరీర భాగాలను, అవి పనిచేసే తీరును వివరించగలుగుతారు.
- సీ అర్చిన్ల సంఖ్య తగ్గినా, పెరిగినా సముద్రంలో ఏం జరుగుతుందో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
- సీ అర్చిన్ ముల్లు గుచ్చుకుంటే చేయవలసిన ప్రథమ చికిత్సను తెలుసుకుంటారు.

1. సీ అర్చిన్ బంధువులు ఎవరు?

వెన్నెముక లేని జంతువులను అకశేరుకాలు అంటారు. వీటిలో ఒక వర్గం పేరు ఇకైనోడర్మేటా. ఈ మాటకు ముళ్ల చర్మం కలవి అని అర్థం. అందుకే వీటిని తెలుగులో కంటకచర్మ జీవులు అంటారు. కంటకం అంటే ముల్లు. సముద్ర నక్షత్రాలు, పెళుసు తారలు, సముద్ర దోసకాయలు, సముద్ర లిల్లీలు, సీ అర్చిన్లు ఈ వర్గంలోనివే. ఈ వర్గపు జీవులన్నీ సముద్రంలోనే ఉంటాయి. నదిలోగాని, చెరువులోగాని, నేల మీదగాని ఒక్కటి కూడా కనిపించదు.

సీ అర్చిన్లలో దాదాపు 950 జాతులు ఉన్నాయి. కొన్ని ఒడ్డున ఉన్న రాళ్ల సందుల్లో ఉంటాయి. మరికొన్ని వేల మీటర్ల లోతున, వెలుతురు చేరని చోట ఉంటాయి. ఇవి భూమి మీద చాలా పాత కాపురస్థులు. దాదాపు 45 కోట్ల సంవత్సరాల కిందటి రాళ్లలో వీటి శిలాజాలు దొరికాయి.

ఇసుక తీరంలో నడిచేటప్పుడు తెల్లని బిళ్లలాంటి వస్తువు మీకు దొరికి ఉండవచ్చు. దాని మీద అయిదు రేకుల పువ్వు గీసినట్లుగా ఉంటుంది. అది గవ్వ కాదు. అది సీ అర్చిన్‌కు దగ్గరి బంధువైన ఒక జీవి కవచం. ఇసుకలో దూరి బతకడానికి అనువుగా దాని శరీరం బిళ్లలా చదునైంది. దీన్ని ఇసుక బిళ్ల అనుకుందాం.

కంటకచర్మ జీవులన్నింటిలో ఒక పోలిక ఉంది. వాటి శరీరం అయిదు భాగాలుగా అమరి ఉంటుంది. ఇది అర్థం కావడానికి చిన్న పని చేయండి.

కృత్యం: ఒక బెండకాయను అడ్డంగా కోయండి. కోసిన ముక్కను చూడండి. మధ్య నుంచి చుట్టూ సాధారణంగా అయిదు గదులు కనిపిస్తాయి. సీ అర్చిన్ శరీరం కూడా ఇలాగే ఒక మధ్య బిందువు చుట్టూ అయిదు సమాన భాగాలుగా ఉంటుంది. దీన్ని వలయ సౌష్ఠవం అంటారు. మన శరీరాన్ని నిలువుగా కుడి, ఎడమ అని రెండు సమాన భాగాలు చేయవచ్చు. దాన్ని ద్విపార్శ్వ సౌష్ఠవం అంటారు.

2. శరీర నిర్మాణం

2.1 కవచం, ముళ్లు

సీ అర్చిన్ ముళ్లన్నీ రాలిపోతే లోపల గుండ్రని గట్టి కవచం కనిపిస్తుంది. ఇది సున్నపు పదార్థంతో తయారైన చిన్న చిన్న పలకల కూర్పు. పలకలు పై నుంచి కింది దాకా 20 నిలువు వరుసల్లో ఉంటాయి. ఒలిచిన నారింజ పండు తొనలను గుర్తు చేసుకోండి. వరుసలు అలా కనిపిస్తాయి.

నత్త గుల్ల నత్త శరీరానికి బయట ఉంటుంది. సీ అర్చిన్ కవచం అలాంటిది కాదు. దీని మీద పలుచని చర్మపు పొర ఉంటుంది. కాబట్టి దీన్ని మన ఎముకల వలె అంతరాస్థిపంజరం అనాలి. పీత పెరిగేటప్పుడు పాత గుల్లను విడుస్తుంది. సీ అర్చిన్‌కు ఆ అవసరం లేదు. పలకలు ఒక్కొక్కటి పెద్దవవుతాయి. పై భాగంలో కొత్త పలకలు చేరుతూ ఉంటాయి.

కవచం మీద చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. ఒక్కొక్క ముల్లు ఒక్కొక్క బొడిపె మీద అమరి ఉంటుంది. మన భుజం కీలు అన్ని వైపులకూ తిరిగినట్లే ముల్లు కూడా తిరుగుతుంది. శత్రువు నీడ పడితే కొన్ని జాతులు ముళ్లను అటు వైపు తిప్పుతాయి. వీటికి మన కళ్లలాంటి కళ్లు లేవు. అయినా చర్మంలో, నాళికాపాదాల్లో ఉండే ప్రత్యేక కణాల వల్ల వెలుగునీడలు తెలుస్తాయి.

ముళ్ల మధ్య పట్టకారు వంటి అతి చిన్న అవయవాలు ఉంటాయి. వీటిని పెడిసెల్లేరియాలు అంటారు. ఇవి కవచం మీద పడిన చెత్తను తీసివేస్తాయి. కొన్ని జాతుల్లో వీటికి విషం కూడా ఉంటుంది.

2.2 నాళికాపాదాలు

సీ అర్చిన్ ముళ్ల సాయంతో కదలగలదు. కాని దాని అసలు కాళ్లు నాళికాపాదాలు. ఇవి సన్నని గొట్టాలలా ఉండి, కవచంలోని రంధ్రాల గుండా బయటికి వస్తాయి. వీటి కొసన గుండ్రని బిళ్ల ఉంటుంది. అది రాతికి అంటుకుంటుంది.

ఇవి ఎలా పనిచేస్తాయి? బెలూన్‌లో నీళ్లు నింపితే సాగుతుంది కదా. అదే సూత్రం ఇక్కడ ఉంది. సీ అర్చిన్ శరీరం లోపల నీటితో నిండిన గొట్టాల వ్యవస్థ ఉంటుంది. దీన్ని జలప్రసరణ వ్యవస్థ అంటారు. లోపలి చిన్న సంచి ముడుచుకున్నప్పుడు నీరు నాళికాపాదంలోకి పోతుంది. అది సాగి రాతిని అంటుకుంటుంది. తరువాత పాదంలోని కండరం ముడుచుకొని శరీరాన్ని ముందుకు లాగుతుంది. ఇలా వందల పాదాలు వంతుల వారీగా పనిచేయడం వల్ల జంతువు కదులుతుంది. అలలు బలంగా కొట్టినా రాతిని వదలకుండా ఉంటుంది.

2.3 నోరు, పళ్లు

సీ అర్చిన్ నోరు శరీరం కింది భాగంలో, రాతికి ఆనుకొని ఉంటుంది. పాయువు పైభాగంలో ఉంటుంది. నోటిలో అయిదు పళ్లు ఉంటాయి. వాటిని కదిలించే దవడ యంత్రంలో 40 గట్టి ముక్కలు ఉంటాయి. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దానికి చెందిన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ సీ అర్చిన్లను పరిశీలించి, లాంతరుతో పోల్చి రాశాడు. అందువల్ల ఈ దవడ యంత్రానికి అరిస్టాటిల్ లాంతరు అనే పేరు స్థిరపడింది.

మన కొడవలి మొద్దుబారితే ఆకురాయి మీద నూరుకోవాలి. సీ అర్చిన్ పన్నుకు ఆ పని లేదు. రాతిని గీకేటప్పుడు పన్ను కొస కొంచెం కొంచెంగా విరిగిపోతుంది. విరిగిన చోట మళ్లీ పదునైన అంచు వస్తుంది. పైనుంచి పన్ను పెరుగుతూనే ఉంటుంది. ఈ పళ్లతో కొన్ని జాతులు రాతిలో తమకు సరిపడే గుంటను కూడా తొలుచుకుంటాయి.

ఈ పళ్ల సంగతి గుర్తుంచుకోండి. పాఠంలో ముందు ముందు చెప్పే నష్టానికీ, మేలుకూ మూలం ఇవే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. కంటకచర్మ జీవులు మంచినీటిలో ఉంటాయా?
2. సీ అర్చిన్ కవచాన్ని అంతరాస్థిపంజరం అని ఎందుకు అంటారు?
3. నాళికాపాదం దేని ఒత్తిడి వల్ల సాగుతుంది?

3. పుట్టుక, పెరుగుదల

సీ అర్చిన్లలో ఆడ, మగ వేరు వేరుగా ఉంటాయి. బయటికి చూస్తే తేడా తెలియదు. కవచం లోపల సాధారణంగా అయిదు బీజకోశాలు ఉంటాయి. జపాన్, ఇటలీ, చిలీ వంటి దేశాల్లో మనుషులు తినేది ఈ బీజకోశాలనే. జపాన్‌లో దీన్ని ఉని అంటారు. అది ఖరీదైన ఆహారం.

ఆడ సీ అర్చిన్ లక్షల అండాలను నీటిలోకి వదులుతుంది. మగది శుక్రకణాలను వదులుతుంది. ఇవి రెండూ నీటిలోనే కలుస్తాయి. దీన్ని బాహ్య ఫలదీకరణం అంటారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆడ, మగ జీవులు దగ్గర దగ్గరగా ఉంటేనే అండాలు, శుక్రకణాలు కలుస్తాయి. దూరదూరంగా ఉంటే అవి సముద్రపు నీటిలో చెదిరిపోతాయి. అప్పుడు లక్షల అండాలు వదిలినా ప్రయోజనం ఉండదు.

ఫలదీకరణ చెందిన అండం నుంచి డింభకం వస్తుంది. దీని పేరు ప్లూటియస్. ఇది కంటికి ఆనదు. పొడుగాటి చేతులతో నీటిలో తేలుతూ, సూక్ష్మమైన నాచును తింటుంది. దీనిలో అయిదు భాగాల అమరిక కనిపించదు. మనలాగే దీనికి కుడి, ఎడమలు ఉంటాయి. కొన్ని వారాల తరువాత దీని శరీరంలో ఎడమ వైపున చిన్న సీ అర్చిన్ తయారవుతుంది. తగిన చోటు దొరకగానే డింభకం అడుగుకు దిగి రూపం మార్చుకుంటుంది. గొంగళి పురుగు సీతాకోకచిలుకగా మారినట్లే ఇది కూడా రూపవిక్రియ.

కొన్ని జాతులు చాలా కాలం జీవిస్తాయి. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలోని ఎర్ర సీ అర్చిన్ 100 సంవత్సరాలకు పైగా బతకగలదని 2003లో వెలువడిన పరిశోధన తెలిపింది.

4. ప్రయోగశాలలో సీ అర్చిన్

సీ అర్చిన్ అండాలు చాలా జాతుల్లో పారదర్శకంగా ఉంటాయి. వాటి పెరుగుదల తల్లి శరీరం బయట, గాజు పాత్రలోనే జరుగుతుంది. కాబట్టి జీవం ఎలా మొదలవుతుందో సూక్ష్మదర్శినిలో చూడవచ్చు. 1875లో జర్మన్ శాస్త్రవేత్త ఆస్కార్ హెర్ట్‌విగ్ మధ్యధరా సముద్రపు సీ అర్చిన్ అండాలను పరిశీలించాడు. శుక్రకణ కేంద్రకం, అండ కేంద్రకం ఒకటిగా కలవడాన్ని చూశాడు. ఫలదీకరణం అంటే ఏమిటో మనకు స్పష్టంగా తెలియడానికి ఈ పరిశీలన తోడ్పడింది.

1982లో బ్రిటిష్ శాస్త్రవేత్త టిమ్ హంట్ సీ అర్చిన్ అండాలలో ఒక ప్రోటీన్‌ను గమనించాడు. కణం విభజన చెందే ప్రతిసారీ ఆ ప్రోటీన్ పెరిగి, మళ్లీ నశిస్తున్నది. దానికి సైక్లిన్ అని పేరు పెట్టారు. కణ విభజన అదుపు తప్పడమే క్యాన్సర్ కాబట్టి ఈ విషయం వైద్యానికి కూడా ముఖ్యం. కణ విభజన నియంత్రణపై చేసిన కృషికి 2001లో లీలాండ్ హార్ట్‌వెల్, పాల్ నర్స్, టిమ్ హంట్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

2006లో ఊదారంగు సీ అర్చిన్ జన్యుపటం వెలువడింది. అందులో దాదాపు 23,000 జన్యువులు ఉన్నాయని తేలింది. వాటిలో చాలా వాటికి మన జన్యువులతో పోలిక ఉంది. ఈగ కంటే, నత్త కంటే సీ అర్చిన్ మనకు దగ్గరి బంధువు అంటే ఆశ్చర్యం కలుగుతుంది కదా!

ప్రయోగశాలలో దీని విలువ ఇది. ఇక సముద్రంలో దీని పని ఏమిటో చూద్దాం.

5. సీ అర్చిన్లు లేకపోతే ఏమవుతుంది?

క్రికెట్ వల్ల వెస్టిండీస్ పేరు మీరు విని ఉంటారు. ఆ దీవుల చుట్టూ ఉన్నది కరీబియన్ సముద్రం. అందులో పగడపు దిబ్బలు ఉన్నాయి. పగడాలు చిన్న జంతువులు. అవి సున్నపు గూళ్లు కట్టుకుంటూ పోగా ఏర్పడినవే పగడపు దిబ్బలు. వీటినే ప్రవాళ భిత్తికలు అని కూడా అంటారు. చేపలు దాక్కోవడానికి, గుడ్లు పెట్టడానికి ఇవి చోటు ఇస్తాయి. తుఫాను అలల బలాన్ని తగ్గించి తీరాన్ని కాపాడతాయి.

పగడాలకు పోటీ నాచు. మీ ఊరి చెరువులో గుర్రపుడెక్క పెరిగితే నీరు కనిపించకుండా కప్పేస్తుంది. అలాగే పెద్ద నాచు పెరిగితే పగడాల మీద వెలుతురు పడనీయదు. పగడపు పిల్లలు అంటుకోవడానికి ఖాళీ రాయి దొరకదు. ఈ నాచును అదుపులో ఉంచేవి దాన్ని మేసే జంతువులు. కరీబియన్‌లో ఆ పని చిలక చేపల వంటి చేపలూ, పొడుగు ముళ్ల నల్ల సీ అర్చిన్లూ చేసేవి. జమైకా వంటి దీవుల్లో మనుషులు చేపలను ఎక్కువగా పట్టివేశారు. నాచు మేసే పని చాలావరకు సీ అర్చిన్ల మీదనే పడింది. అవి బాగా ఉన్నంత కాలం లోటు ఎవరికీ తెలియలేదు.

1983 జనవరిలో పనామా తీరంలో ఈ నల్ల సీ అర్చిన్లు చనిపోవడం మొదలైంది. ముళ్లు రాలిపోయి, కొద్ది రోజుల్లోనే చచ్చేవి. సముద్ర ప్రవాహాల వెంట ఆ జబ్బు పాకింది. 1984 మొదటి నెలలకల్లా కరీబియన్ అంతటా వ్యాపించింది. జబ్బు సోకిన చోట్ల 93 శాతం, అంతకు మించి కూడా చనిపోయాయి. పక్కనే ఉన్న ఇతర జాతుల సీ అర్చిన్లకు ఏమీ కాలేదు. జబ్బుకు కారణం ఏమిటో అప్పుడు తేలలేదు.

తరువాత జరిగింది మీరు ఊహించగలరు. మేసేవాళ్లు లేని నాచు ఏపుగా పెరిగింది. జమైకాలో 1980లో వచ్చిన పెద్ద తుఫాను అప్పటికే పగడాలను విరగ్గొట్టింది. అవి కోలుకోవలసిన సమయంలో నాచు కప్పేసింది. 1970ల చివర అక్కడి దిబ్బల మీద సగానికి పైగా చోటును సజీవ పగడాలు ఆక్రమించి ఉండేవి. 1990ల మొదట్లో అది 5 శాతం కంటే తక్కువకు పడిపోయింది. నాచు 90 శాతానికి మించింది.

మరి మిగిలిన సీ అర్చిన్లు మళ్లీ ఎందుకు త్వరగా పెరగలేదు? 3వ భాగంలో చదివినది గుర్తు చేసుకోండి. అండాలు, శుక్రకణాలు నీటిలో కలవాలంటే ఆడ, మగ దగ్గరగా ఉండాలి. నూటికి ఏడెనిమిది కూడా మిగలని చోట అవి ఒకదానికొకటి దూరమైపోయాయి. అందుకే పదుల సంవత్సరాలు గడిచినా చాలా చోట్ల పాత సంఖ్య రాలేదు.

2022లో అదే జాతికి కరీబియన్‌లో మళ్లీ జబ్బు వచ్చింది. ఈసారి కారణం తెలిసింది. అది సిలియేట్ అనే ఏకకణ జీవి అని 2023లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

6. సీ అర్చిన్లు ఎక్కువైతే ఏమవుతుంది?

ఇప్పుడు వేరే సముద్రానికి వెళదాం. ఉత్తర పసిఫిక్ తీరాల్లో నీరు చల్లగా ఉంటుంది. అక్కడ పగడపు దిబ్బలకు బదులు కెల్ప్ అనే పెద్ద నాచు పెరుగుతుంది. కొన్ని రకాలు 30 మీటర్లకు మించి పెరుగుతాయి. నీటి లోపల ఇది ఒక అడవి. చేపలకూ, నత్తలకూ అదే నీడ, అదే ఆహారం.

సీ అర్చిన్లు కెల్ప్‌ను తింటాయి. సీ అర్చిన్లను సముద్రపు నీటికుక్కలు తింటాయి. మన కోరింగ మడ అడవుల్లో నీటికుక్కలు ఉన్నాయి కదా, వాటికి ఇవి బంధువులు. చలిని తట్టుకోవడానికి సముద్రపు నీటికుక్క రోజూ తన బరువులో దాదాపు నాలుగో వంతు ఆహారం తింటుంది. దాని బొచ్చు చాలా దట్టంగా ఉంటుంది. ఆ బొచ్చే దాని ప్రాణం మీదికి తెచ్చింది. 1741 తరువాత బొచ్చు వ్యాపారులు వాటిని లక్షల్లో చంపారు. 1911లో నాలుగు దేశాలు ఒప్పందం చేసుకొని వేటను ఆపేటప్పటికి 2,000 కంటే తక్కువే మిగిలాయి.

వేట ఆగిన తరువాత కొన్ని దీవుల్లో అవి మళ్లీ పెరిగాయి. కొన్ని దీవులకు తిరిగి రాలేదు. 1970లలో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఎస్టిస్, ఆయన సహచరుడు జాన్ పాల్మిసానో అలూషియన్ దీవుల్లో ఈ రెండు రకాల దీవులనూ పోల్చి చూశారు. నీటికుక్కలు ఉన్న చోట కెల్ప్ దట్టంగా ఉంది. అవి లేని చోట సముద్రపు అడుగున సీ అర్చిన్లు పరచినట్లు ఉన్నాయి, కెల్ప్ దాదాపు లేదు. ఇలాంటి చోట్లను సీ అర్చిన్ బీడు అనవచ్చు. 1990లలో ఆ దీవుల్లో నీటికుక్కలు మళ్లీ తగ్గాయి. సీ అర్చిన్లు మళ్లీ పెరిగాయి, కెల్ప్ మళ్లీ తగ్గింది.

కాలిఫోర్నియా ఉత్తర తీరంలో నీటికుక్కలు తిరిగి రాలేదు. అక్కడ సీ అర్చిన్లను తినే ముఖ్యమైన జీవి పొద్దుతిరుగుడు సముద్ర నక్షత్రం. 2013 నుంచి ఒక జబ్బు వల్ల ఇవి నశించాయి. 2014 నుంచి 2016 వరకు సముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కి కెల్ప్ బలహీనపడింది. ఊదారంగు సీ అర్చిన్లు విపరీతంగా పెరిగి మిగిలినదాన్ని మేసేశాయి. ఆ తీరంలో 90 శాతానికి పైగా కెల్ప్ పోయింది. కెల్ప్ తిని బతికే అబలోన్ అనే పెద్ద నత్తలు ఆకలితో చచ్చిపోయాయి. 2018లో వాటి వేటను మూసివేయవలసి వచ్చింది.

తిండి లేని బీడులో సీ అర్చిన్లు కూడా చచ్చిపోతాయనుకుంటాం. కాని అవి శరీర క్రియలను తగ్గించుకొని ఏళ్ల తరబడి బతుకుతాయి. మొలకెత్తిన ప్రతి చిన్న కెల్ప్‌నూ తినేస్తాయి. వాటి బీజకోశాలు ఎండిపోయి ఉంటాయి కాబట్టి మనుషులు పట్టి అమ్ముకోవడానికీ పనికిరావు. అందుకే ఒకసారి ఏర్పడిన బీడు మళ్లీ అడవి కావడం కష్టం.

ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కరీబియన్‌లో సీ అర్చిన్ కాపలాదారు. కాలిఫోర్నియాలో అదే దోపిడీదారు. జంతువు స్వభావం మారలేదు. రెండు చోట్లా అది చేసింది నాచు మేయడమే. మారింది దాని చుట్టూ ఉన్న జీవుల సంఖ్య. పొలం గట్టు మీద నాలుగు మేకలు కలుపు మేస్తే మేలు. నలభై మేకలు చేలో పడితే నష్టం. మేకను మంచిదనీ, చెడ్డదనీ అనలేం. కాబట్టి ఒక జీవి ఉపయోగకరమా, హానికరమా అని అడిగే ముందు అది ఎన్ని ఉన్నాయి, దాన్ని తినేవి ఉన్నాయా, దాని పని పంచుకునేవి ఉన్నాయా అని అడగాలి. దీన్నే జీవావరణ సమతుల్యత అంటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. జమైకాలో నాచు మేసే పని సీ అర్చిన్ల మీద ఎక్కువగా ఎందుకు పడింది?
2. ఖాళీని పూరించండి: నీటికుక్కలు తగ్గితే సీ అర్చిన్లు ______, కెల్ప్ ______.
3. ఒప్పా, తప్పా? తిండి లేకపోతే సీ అర్చిన్లు వెంటనే చనిపోతాయి.

7. మన తీరంలో సీ అర్చిన్లు

మన దేశంలో మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, లక్షదీవులు, అండమాన్ నికోబార్ దీవుల దగ్గర పగడపు దిబ్బలు ఉన్నాయి. అక్కడ అనేక జాతుల సీ అర్చిన్లు ఉన్నాయి. ఆంధ్ర తీరంలో ఎక్కువ భాగం ఇసుక నేల. విశాఖపట్నం దగ్గర మాత్రం కొండరాళ్లు సముద్రంలోకి చొచ్చుకొని ఉంటాయి. నీరు తగ్గినప్పుడు అక్కడి రాళ్ల గుంటల్లో నల్లని ముళ్ల సీ అర్చిన్ కనిపిస్తుంది. దాని శాస్త్రీయ నామం స్టోమోప్న్యూస్టిస్ వేరియొలారిస్.

పొడుగు ముళ్ల సీ అర్చిన్‌కు మన సముద్రంలో ఒక దగ్గరి బంధువు ఉంది. దాని పేరు డయడెమా సెటోసమ్. ఇది మన్నార్ సింధుశాఖలోనూ, అండమాన్ దీవుల దగ్గరా నివసిస్తుంది. 2023లో ఎర్ర సముద్రపు ఉత్తర కొసలో ఇదే జాతి పెద్ద సంఖ్యలో చనిపోయింది. కరీబియన్‌లో కనిపించిన సిలియేట్ వంటిదే ఇక్కడా కారణమని శాస్త్రవేత్తలు గుర్తించారు. అదే సంవత్సరం హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి దగ్గర కూడా సీ అర్చిన్లకు ఈ జబ్బు సోకింది. కాబట్టి కరీబియన్ కథ మనకు దూరపు కథ కాదు.

మీరు తీరప్రాంతంలో ఉంటే కొన్ని పనులు చేయవచ్చు. రాళ్ల గుంటల్లో ప్రాణంతో ఉన్న సీ అర్చిన్లను పెకలించకండి. రాయి తిప్పి చూస్తే మళ్లీ యథాస్థానంలో పెట్టండి. ఒకే చోట ముళ్లు రాలిన సీ అర్చిన్లు పదుల సంఖ్యలో కనిపిస్తే దగ్గరలోని మత్స్యశాఖ కార్యాలయానికి తెలియజేయండి. సముద్రాన్ని రోజూ చూసేవారి కంటికే ఇలాంటి మార్పు ముందుగా కనబడుతుంది.

8. ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలి?

రాళ్ల తీరంలో వట్టి కాళ్లతో నడిచేవారికి, వల లాగేవారికి సీ అర్చిన్ ముల్లు గుచ్చుకోవచ్చు. ఇది పెళుసుగా ఉండి చర్మం లోపలే విరుగుతుంది. అప్పుడు ఇలా చేయండి:

- వెంటనే నీటి నుంచి బయటికి రండి. పైకి కనిపిస్తున్న ముళ్లను పట్టకారుతో నిటారుగా, మెల్లగా తీయండి.
- ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఆ భాగాన్ని 30 నుంచి 90 నిమిషాలు ఉంచండి. నొప్పి తగ్గుతుంది. నీటి వేడిని ముందుగా గాయం లేని చేతితో పరీక్షించండి. కాలేంత వేడి ఉండకూడదు.
- సబ్బుతో, శుభ్రమైన నీటితో కడగండి.
- లోపల విరిగిన ముల్లు కోసం సూదితో కెలకకండి. రాయితో కొట్టి నలగ్గొట్టకండి.
- ముల్లు కీలు దగ్గర గానీ, లోతుగా గానీ దిగితే, వాపు, చీము, జ్వరం కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ధనుర్వాతం టీకా గురించి అడగండి.
- ఊపిరి ఆడకపోయినా, ఒళ్లు స్వాధీనం తప్పినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

సారాంశం

సీ అర్చిన్ ఇకైనోడర్మేటా వర్గానికి చెందిన సముద్ర జీవి. దాని శరీరం అయిదు భాగాలుగా అమరి ఉంటుంది. పలకల కవచం, కదిలే ముళ్లు, నీటి ఒత్తిడితో పనిచేసే నాళికాపాదాలు, అయిదు పళ్ల అరిస్టాటిల్ లాంతరు దాని ముఖ్య లక్షణాలు. ఫలదీకరణం నీటిలో జరుగుతుంది. డింభకం రూపవిక్రియ చెంది సీ అర్చిన్‌గా మారుతుంది. 1983–84లో కరీబియన్‌లో ఇవి నశించడం వల్ల నాచు పెరిగి పగడాలు దెబ్బతిన్నాయి. ఉత్తర పసిఫిక్‌లో వీటిని తినే జీవులు తగ్గడం వల్ల ఇవి పెరిగి కెల్ప్ అడవులను నాశనం చేశాయి. ఏ జీవికైనా మేలు, కీడు దాని సంఖ్యను బట్టి, దాని చుట్టూ ఉన్న జీవులను బట్టి ఉంటుంది.

పాఠాంత ప్రశ్నలు

1. నాళికాపాదాలు పనిచేసే తీరును వివరించండి.
2. 1983 తరువాత కరీబియన్ సీ అర్చిన్లు త్వరగా కోలుకోకపోవడానికి వాటి ఫలదీకరణ విధానం ఎలా కారణమైంది?
3. సీ అర్చిన్ మనకు మిత్రుడా, శత్రువా? కారణాలతో 10 వాక్యాలు రాయండి.
4. మీ ఊరిలో ఏదైనా జీవి సంఖ్య పెరగడం వల్లగానీ, తగ్గడం వల్లగానీ జరిగిన మార్పును పెద్దలను అడిగి రాయండి.

జవాబులు

ప్రగతి పరీక్ష – 1: 1. ఉండవు. అన్నీ సముద్ర జీవులే. 2. దాని మీద చర్మపు పొర ఉంటుంది కాబట్టి. 3. నీటి ఒత్తిడి వల్ల.

ప్రగతి పరీక్ష – 2: 1. నాచు మేసే చేపలను మనుషులు ఎక్కువగా పట్టివేయడం వల్ల. 2. పెరుగుతాయి, తగ్గుతుంది. 3. తప్పు. శరీర క్రియలను తగ్గించుకొని ఏళ్ల తరబడి బతకగలవు.